పలక మీద బేరం

మా అక్క కూతురు ఒంగోలులో ఎం.బి.ఏ. పిల్లలకు పాఠాలు చెబుతుంది. ఏం పాఠాలే అంటే "సుస్థిర వ్యాపార నిర్వహణ, పిన్నీ" అంది. నేను ఆ కాలపు బి.ఏ.ని. సుస్థిరం అంటే కదలకుండా ఉండేది, వ్యాపారమంటే కాలు నిలవనిది. ఈ రెండింటికీ ముడి ఎవరు వేశారమ్మా అని నవ్వాను. అది నవ్వలేదు. "పిల్లలూ అదే అడుగుతున్నారు. వాళ్ళని మార్కాపురం తీసుకెడుతున్నా. నువ్వూ రా" అంది.

సరే, బయల్దేరాను. మార్కాపురంతో నాకూ ఒక బంధుత్వం ఉంది మరి. నేను ఓనమాలు దిద్దింది ఆ ఊరి పలక మీదే. ఇంకో బంధుత్వం కూడా ఉంది గానీ, అది తర్వాత చెబుతాను.

బస్సులో నాకూ పాఠం తప్పలేదు. 1987లో అప్పటి నార్వే ప్రధాని బ్రంట్‌లాండ్ అనే ఆవిడ అధ్యక్షతన ఒక అంతర్జాతీయ సంఘం నివేదిక ఇచ్చిందిట. ఇప్పటివాళ్ళ అవసరాలు తీరాలి, రేపటివాళ్ళ అవసరాలకు గండి పడకూడదు, అదే సారాంశం. దానికి అంత పెద్ద సంఘం కావాలా? మా అమ్మ విత్తనపు కందులు వేరే కుండలో పోసి మూతి మెత్తేసేది. ఇంట్లో పప్పు నిండుకున్నా ఆ కుండ జోలికి ఎవర్నీ పోనిచ్చేది కాదు.

ముందు కంభం చెరువు చూపించింది. గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన గట్టు. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. అయిదువందల ఏళ్ళనాటి మాట. "మేడమ్, పెట్టుబడి తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పట్టుంటుంది?" అని ఒక కుర్రాడు అడిగాడు. ఎవరికీ జవాబు తోచలేదు. పాపం, వాడు వేళాకోళానికి అడగలేదు.

అక్కణ్ణించి పలక గని. చుట్టూ పారేసిన రాతిముక్కల గుట్టలు, మధ్యన మెట్లు మెట్లుగా దిగిపోయిన గొయ్యి. కోట్ల ఏళ్ళనాటి బురద అణిగి అణిగి పొరలు కట్టిన రాయి అది. ఒకాయన ఉలి ఆనించి చిన్నగా కొడితే పుస్తకంలో కాగితం విడినట్టు విడిపోయింది. చూడ్డానికి ముచ్చటేసింది. ఇది మళ్ళీ పుట్టేది కాదు కదా, మరి సుస్థిరం ఎలా అవుతుందని పిల్లలు గోల పెట్టారు. అసలు ప్రశ్న ఆ రాయిలో కాదు, దాని దుమ్ములో ఉందని నాకు కాసేపటికి గాని తెలియలేదు.

రాతిని కోసినప్పుడు లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి గూడు కడుతుంది. సిలికోసిస్ అంటారు. ఏళ్ళు గడిచాక బయటపడుతుంది, వచ్చాక నయం చేసే మందు లేదు. నీళ్ళు పోస్తూ కోస్తే ధూళి అణుగుతుంది. అంత సులువైన ఉపాయం! కానీ ఇది ఒకప్పటి పశ్చిమ ప్రకాశం. బోరు నీళ్ళలో ఫ్లోరైడు, ఎండాకాలం వస్తే తాగడానికే ట్యాంకర్ల కోసం బిందెలతో పడిగాపులు. పొడి రాయి కోస్తున్న ఒకావిడను అడిగాను, నీళ్ళు చల్లరా అని. "నీళ్ళుంటే ఇంటికి తీస్కపోతాంగానీ, రాయి మీద పోస్తామా అమ్మా?" అంది, కొంగు ముక్కుకు బిగించుకుంటూ.

మావాళ్ళ పుస్తకంలో ఇలా ఉందిట: కూలీల ఆరోగ్యం కాపాడితే పని పెరుగుతుంది, దానితో లాభమూ పెరుగుతుంది, కనుక మంచితనం లాభసాటి. నాకు నమ్మకం కుదరలేదు. జబ్బు బయటపడేసరికి ఆ మనిషి పని మానేసి ఉంటుంది, ఆ చోట్లో ఇంకొకరు వచ్చి ఉంటారు. యజమాని చిట్టాలో నష్టం ఎక్కడా పడదు. మరి లాభం కోసం చేసే మంచి, లాభం లేనిచోట ఆగిపోదూ?

"నీతి అని మొదలుపెడితే ఆవులిస్తారు పిన్నీ. లాభం అంటే రాసుకుంటారు. నన్నేం చేయమంటావ్?" అంది పిల్ల. కోపంగానే అంది.

దాని బాధ నిజమే. కానీ ఆ ఊరి కథే వేరే మాట చెబుతోంది. బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. 1988లో కేంద్రం పిల్లలను పనులనుంచి తప్పించి బడిలో వేసే పథకం పెట్టినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజులతోపాటు మార్కాపురం పలకలూ తొలి జాబితాలో ఉన్నాయి. మన పిల్లల అక్షరాలకు పలకలు చేస్తూ వాళ్ళు బడి మొహం చూడలేదన్నమాట. వాళ్ళను మాన్పించడం ఎవరికి లాభం? పిల్లల కూలి చవక. లాభం చూసుకుంటే మాన్పించకూడదు. నష్టమైనా సరే చేయాలని ఎవరో అనుకోబట్టే అది పాలసీ అయింది. ఈ మాట క్లాసులో చెప్పవే అన్నాను. "నష్టం ఎవరు భరించాలని అడుగుతారు" అంది వెంటనే.

అక్కడ నా నోరు పడిపోయింది. రెండో బంధుత్వం అదే. మా వసారాకు పరిచింది మార్కాపురం రాయి. కొన్నప్పుడు చదరపు అడుక్కి మూడు రూపాయలు తగ్గించేదాకా మా వారిని కూచోనివ్వలేదు. తగ్గాక వారం రోజులు ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాను. డీజిలు ధర తగ్గదు, లారీ బాడుగ తగ్గదు. ఆ మూడు రూపాయలు ఎక్కడ తగ్గి ఉంటాయి? నీళ్ళ దగ్గరా? ముక్కుకు కట్టుకునే గుడ్డ దగ్గరా? కచ్చితంగా అలాగే జరిగిందని నేననలేను. కాదనే ధైర్యమూ లేదు. మన బేరాల్లో లోభమే ఉందని కాదు సుమా, నెలాఖరు ఉంది. అయినా పెద్ద దుకాణంలో చీరకు అతికించిన ధర చూసి కిక్కురుమనం. మన నోరంతా బండి దగ్గరా, గంప దగ్గరానే.

ఇదంతా మనసులో అనుకుంటూనే బస్సు దగ్గరికి వచ్చాను. పక్క షెడ్డులో చెక్క చట్రం బిగించిన పలకలు దొంతరగా ఉన్నాయి. అక్క మనవడికి ఒకటి తీసుకుందామని అడిగితే, అమ్మే ఆవిడ యాభై అంది.

"నలభైకి ఇవ్వరాదూ" అన్నాను.

నా వెనకాల పిల్లలు ఘొల్లుమన్నారు. ఆవిడకేమీ అర్థం కాలేదు. "పోనీ నలభై అయిదియ్యమ్మా" అంది.