మూడు నెలలు దాటితే

“అప్పుడే ఎందుకు చెప్పలేదు?” యూనివర్సిటీలో ఏ వేధింపు బయటికొచ్చినా మొదట వినపడే ప్రశ్న ఇదే. అడిగేవాళ్ళందరూ చెడ్డవాళ్ళేం కాదు. మన చట్టం కూడా అదే అడుగుతుంది. 2013 నాటి చట్టం ప్రకారం ఘటన జరిగిన మూడు నెలల్లోపు (వరసగా జరిగితే చివరిదాని నుంచి) ఫిర్యాదు రాసివ్వాలి. తగిన కారణం చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. అంతే.

మా ఐటీ ఆఫీసుల్లో ఇది ఎంతోకొంత నడుస్తుంది. వేరే కంపెనీలో ఆఫర్ తెచ్చుకుని ధైర్యంగా రాసివ్వొచ్చు. పీహెచ్‌డీ స్కాలర్ సంగతి అలా కాదు. ల్యాబ్ గైడ్‌ది. ఫెలోషిప్ కాయితాల మీద సంతకం గైడ్‌ది. పేపర్లో ఎవరి పేరు ఏ వరసలో ఉండాలో గైడ్ ఇష్టం. డిగ్రీ చేతికొచ్చాక కూడా పోస్ట్‌డాక్‌కి ఆయన ఉత్తరమే కావాలి. మధ్యలో గైడ్‌ని మార్చుకోవడమంటే చాలాసార్లు చేసిన పనంతా వదులుకోవడమే. ఐదారేళ్ళ ఈ పరాధీనతలో మూడు నెలలంటే ఎంత? ఒక సెమిస్టర్ కూడా కాదు.

అమెరికాలో బర్కిలీ ఖగోళ శాస్త్రవేత్త జెఫ్ మార్సీ 2001 నుంచి 2010 దాకా విద్యార్థినులను వేధించాడని యూనివర్సిటీ విచారణ 2015లో తేల్చింది. మన గడువే అక్కడుంటే ఆ ఫైలు తెరిచేవాళ్ళే కాదు. (తెరిచి చేసిందీ హెచ్చరికే. పత్రికలకెక్కాకే ఆయన రాజీనామా చేశాడు. అది వేరే సిగ్గు.)

గడువు ఎందుకో అర్థం చేసుకోగలను. జ్ఞాపకాలు చెదురుతాయి, సాక్షులు వెళ్ళిపోతారు, నిందపడ్డ మనిషి మెడ మీద కత్తితో ఎన్నేళ్ళు తిరుగుతాడు? కానీ 2025 సెప్టెంబర్‌లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చూడండి. కోల్‌కతాలో ఒక న్యాయ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ మీద అక్కడి అధ్యాపకురాలి ఫిర్యాదు. గడువు దాటింది కాబట్టి తోసిపుచ్చడం సరైనదేనంది కోర్టు. అంటూనే, ఈ తీర్పు ఆయన రెజ్యూమేలో ఉండాలంది. ఆరోపణ మీద విచారణే జరగలేదు. ఆమె మాట నిజమని తేలలేదు, ఆయన నిర్దోషి అనీ తేలలేదు. ఆమెకి దక్కని విచారణ, ఆయనకి చెరగని మచ్చ. ఇద్దరికీ అన్యాయమే అనిపిస్తుంది నాకు.

గడువు లెక్క ఆమె గైడ్ చేతికింద నుంచి బయటపడ్డ రోజున మొదలవ్వాలంటాను. మరి ఈలోగా అదే ల్యాబ్‌లో కొత్తగా చేరే అమ్మాయిలో? దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. “ఆయనతో జాగ్రత్త” అని జూనియర్లకి చెప్పేది ఎప్పుడూ సీనియర్ అమ్మాయిలే. పక్క గదుల్లో ప్రొఫెసర్లకీ ఆ సంగతి తెలిసే ఉంటుంది. వాళ్ళ ఉద్యోగాలు పర్మనెంటు. అదే ముక్క కమిటీకి రాయడానికి వాళ్ళకేం అడ్డమో నాకు అర్థం కాదు.