నీ మంచికే పంపాను

కావాలని అబద్ధమాడేవాళ్ళతో పెద్ద చిక్కు లేదు. కోపం తెచ్చుకుంటాం, నాలుగు దులుపుతాం, అక్కడితో సరి. కానీ అబద్ధమని తెలియక, మన మీద ప్రేమకొద్దీ, ఓ అబద్ధాన్ని కొంగున ముడేసుకుని మన ఇంటిదాకా మోసుకొచ్చిన మనిషిని ఏం చెయ్యాలి? కాఫీ ఇచ్చి పంపాలా, కడిగి పంపాలా? "నీ మంచికే కదే చెప్పాను" అంటే ఏం జవాబు చెబుతాం?

మా చిన్నతనంలో గుడివాడకి ఈ సరుకు పదిహేను పైసల పోస్టుకార్డు మీద వచ్చేది. రాసినవాళ్ళ పేరుండదు. ఎక్కడో గుళ్ళో పాము ప్రత్యక్షమై పూజారితో మాట్లాడిందనీ, ఇలాంటివే పదకొండు కార్డులు రాసి పంపినవాడికి లాటరీ తగిలిందనీ, చించి పారేసినవాడి ఇంట్లో కీడు జరిగిందనీ ఉండేది. నమ్మకం ఉన్నా లేకపోయినా, "ఎందుకొచ్చిన గొడవ" అని అత్తగార్లు కోడళ్ళ చేత రాయించేవారు. (తమ చేత్తో తాము రాసుకున్న అత్తగారిని నేనైతే చూడలేదు!) అయితే ఆ కార్డుల్లో ఓ సుగుణం ఉండేది. ఖర్చు! పదకొండు కార్డులంటే రూపాయి అరవై అయిదు పైసలు. పైగా చెయ్యి నొప్పి. అయిదో కార్డు దగ్గర భక్తి సన్నగిల్లి, కొన్ని అబద్ధాలు మా ఊళ్ళోనే ఆగిపోయేవి.

పిల్లలు అమెరికా వెళ్ళారు, ఈమెయిలు వచ్చింది. ఖర్చూ పోయింది, చెయ్యి నొప్పీ పోయింది. పాము స్థానంలో వైరస్ వచ్చి కూర్చుంది. 1994లో "గుడ్ టైమ్స్" అని ఓ హెచ్చరిక బయల్దేరింది. ఆ పేరుతో ఉత్తరం వస్తే తెరవకండి, తెరిస్తే కంప్యూటరులో ఉన్నదంతా తుడిచిపెట్టుకు పోతుంది, ఈ సంగతి మీకు తెలిసినవాళ్ళందరికీ చెప్పండి అని. అలాంటి వైరస్ అసలు పుట్టనే లేదు. లోకంలో ఉన్నదల్లా హెచ్చరికే. అదే ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగింది. ఆలోచిస్తే నవ్వొస్తుంది, వైరస్ చెయ్యాల్సిన పనంతా మనుషులే శ్రద్ధగా చేసిపెట్టారు.

2002లో తిరిగిన ఎలుగుబంటి ఉత్తరం ఇంకా గడుసుది. మీ కంప్యూటరులో జేడీబీజీఎంజీఆర్ అనే ఫైలు ఉందేమో వెతకండి, దాని బొమ్మ బుల్లి ఎలుగుబంటిలా ఉంటుంది, అది వైరస్, పధ్నాలుగు రోజులు నిద్రపోయి లేస్తుంది, వెంటనే తీసెయ్యండి, అందరికీ తెలియజెయ్యండి అని దాని సారాంశం. వెతికితే నిజంగానే ఉండేది! ఎందుకుండదు? విండోస్‌తో పాటు మైక్రోసాఫ్టువాళ్ళే పెట్టిన మామూలు ఫైలది. మన ఇంటి దూలాన్నే చూపించి "అదుగో పాము" అంటే మనమే గొడ్డలి పుచ్చుకున్నట్టు. ఆ ఫైలు పోయినా మామూలు వాడకందార్లకి పెద్ద నష్టం జరగలేదు. అది పంపినవాళ్ళ పుణ్యం మాత్రం కాదు.

ఇందులో నమ్మినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు. పంపింది ఎవరు? అన్నయ్య, మేనకోడలు, చిన్ననాటి స్నేహితురాలు. మనవాళ్ళు మనకి అబద్ధం చెప్తారా! అసలు సంగతేమిటంటే, 2000 మే నెలలో లోకాన్ని గడగడలాడించిన "ఐ లవ్ యూ" అనే నిజమైన వైరస్ కూడా మనవాళ్ళ పేరుతోనే వచ్చింది, ప్రేమలేఖ వేషం వేసుకుని. తెలిసినవాళ్ళు పంపారన్నది ప్రేమకి సాక్ష్యమైతే అవుతుందిగాని, నిజానికి సాక్ష్యం కాదు.

"పోయేదేముంది? నిజమైతే మేలు, కాకపోతే మానె" అంటారు చాలామంది. అక్కడే నాకు పేచీ. పోయేది ఉంది.

మా దివిసీమ వైపు వెళ్ళి ఏ పెద్దావిడనైనా అడగండి. 1977 నవంబరు 19న ఉప్పెన వస్తే పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1990 మే 9న దాదాపు అంత గాలివానా ఇదే కృష్ణా ముఖద్వారం మీదికొచ్చింది. ఆరు లక్షల మందికి పైగా ముందుగానే ఖాళీ చేశారు. చనిపోయినవారు వెయ్యిలోపు. ఆ వెయ్యీ తక్కువేం కాదు, కానీ మిగిలినవాళ్ళు ఎలా మిగిలారు? పాడిగేదెనీ, పొయ్యి మీద అన్నాన్నీ వదిలి, చంటిపిల్లని చంకనేసుకుని లారీ ఎక్కమంటే ఎక్కారు కనుక. ఎవరో చెప్పిన మాట నమ్మారు కనుక. ఆ నమ్మకమే మనం దూబరా చేస్తున్నది. రోజుకో ఉత్తుత్తి పిడుగు నెత్తిన వేయించుకున్న మనిషి, అసలు పిడుగు పడే రోజున దుప్పటి ముసుగేసుకుని పడుకుంటుంది.

ఇంకో తేడా గమనించారా? మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. దానికి నంబరుంటుంది, తేదీ ఉంటుంది, జవాబు చెప్పే ఆఫీసుంటుంది. గండం గడిచాక దాన్ని దించేస్తారు. గొలుసు ఉత్తరాన్ని ఎవరు దించాలి? దాన్లో ఎప్పుడూ "నిన్న రాత్రే" అనుంటుంది. ఏ సంవత్సరం నిన్నో తెలీదు. అయిదేళ్ళ తర్వాత వచ్చినా అది నిన్న రాత్రే!

ఈమెయిలు పోయి ఇప్పుడు వాట్సాప్ వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయన్న వదంతులతో దేశంలో అమాయకుల్ని కొట్టి చంపాక, 2018లో ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా మన దేశంలో కట్టడి చేశారు. అయిదుగురికే గదా అని అయిదుసార్లు పంపేవాళ్ళున్నారనుకోండి. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఓ పెద్దమనిషి, ఒంట్లో బాగోక, ఫోనులో కరోనా వీడియోలు చూసీ చూసీ, తనకొచ్చిందదేనని నిశ్చయించుకున్నాడు. ఇంట్లోవాళ్ళకి అంటుతుందేమోనని ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. చివరికి ప్రాణం తీసుకున్నాడు. ఆయనకి కరోనా లేదు. ఆ వీడియోలు పంపినవాళ్ళలో ఒక్కరైనా ఆయన చెడు కోరి ఉంటారా?

అందుకే "మంచికే" అన్నమాట నాకు చాలదు. నెహ్రూ చౌక్ దాకా వెళ్ళి కిలో వంకాయలు కొంటే ఒక్కొక్కటీ తిప్పి చూస్తాం, పుచ్చు ఉంటే ఇంట్లోవాళ్ళకి పెట్టం. ప్రేమ అంటే ఆ తిప్పి చూడ్డమే గదా! మరి మాట దగ్గరికొచ్చేసరికి ఆపాటి శ్రమ ఎందుకు పడం? వాళ్ళ మీద ప్రేమ లేకనా, "నేను ముందే చెప్పాను" అనిపించుకోవాలన్న సరదా కాస్త ఎక్కువయ్యా? రెండోదేనేమోనని నా అనుమానం.

మరి పెద్దవాళ్ళు పంపితే? బంధువులందరి ముందూ "ఇది అబద్ధం" అంటే పెద్దరికానికి దెబ్బ. ఊరుకుంటే మనం కూడా సంతకం పెట్టినట్టు. మా పెద్దమ్మ ప్లాస్టిక్ బియ్యం వీడియో పంపినప్పుడు నేను గ్రూపులో ఏమీ రాయలేదు, ఇంటికి వెళ్ళాను. వరి పండే గడ్డ మీద పుట్టి, డెబ్భై ఏళ్ళుగా అన్నం వారుస్తున్న మనిషి, అన్నం ముద్ద బంతిలా ఎగిరిందని హడిలిపోతోంది! 2017లో హైదరాబాదులో ఇదే గోల జరిగిందనీ, అధికారులు పరీక్ష చేయించి ప్లాస్టిక్ కాదని తేల్చారనీ చెప్పాను. వినలేదు.

"పోనీ, ఇది నీకెవరు పంపారు పెద్దమ్మా?"

"మా వియ్యపురాలు."

"ఆవిడకి?"

"ఏమోనమ్మా, అవన్నీ అడుగుతామా ఏం?"

సరే, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలోంచి పిడికెడు అన్నం తీసి గట్టిగా నొక్కి ఉండ చేసి ఆవిడ చేతికిచ్చాను. అన్నంలో జిగురుంటుంది, లోపల గాలి చిక్కుకుంటుంది, నొక్కితే ఏ అన్నమైనా కాస్త ఎగురుతుంది. పెద్దమ్మ అటూ ఇటూ చూసి, అన్నాన్ని నేలకేసి కొట్టడం పాపమని లెంపలేసుకుని, మెల్లిగా గచ్చు మీద వేసింది. జానెడు ఎగిరింది.

"ఓసినీ! మన చేలో బియ్యమేనే ఇవి!" అంది.