పది దాకా లెక్కపెట్టినాక

ఆ పిల్లోణ్ణి మొదట కొట్టింది నేనే. ఆ మాట దాచి మిగతా కథంతా చెప్తే నన్ను నేను పెద్దమనిషిని చేసుకున్నట్టే అవుతుంది. పిల్లల్ని కొట్టకూడదనీ, మానసికంగా వేధించకూడదనీ 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షను చెప్తుంది. ఆ సెక్షను బీయిడీలో చదివి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా కొట్టాను. ఏడో తరగతి పిల్లోడు. పక్కవాడి మొహాన కంపాసు పెట్టె విసిరికొట్టాడు. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారుతోంది. నేను ఒక్క అంగలో పోయి చెంప ఛెళ్ళుమనిపించాను. వాడు ఏడవలేదు. తల దించలేదు. నా వంక చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. 1999లో, ఆరో తరగతిలో, నన్ను వెనక వరసలోకి పొమ్మన్న అయ్యవారి వంక నేనూ అట్టాగే చూశాను.

స్టాఫ్ రూములో పంచాయితీ జరిగింది. "ఆ పల్లె పిలకాయలంతా ఇంతేనండీ. కోపం ముక్కు మీదుంటది. ఇంట్లో చూసేదే బళ్ళో చేస్తారు" అన్నాడొకాయన టీ ఊదుకుంటా. నా కులం తెలియక అన్నాడో, తెలిసే అన్నాడో. నేనూ టీ తాగాను. ఏం మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో నాకు ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉంది.

ఆ అనుభవం మా యమ్మ పెట్టిన భిక్ష. మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా నాయన ఊళ్ళో జీతగాడు, అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. మా ఇంట్లో పదో తరగతి దాటిందీ నేనే, డిగ్రీ చదివిందీ నేనే. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చినప్పుడు ఆర్డరు కాయితం చూసి, దీని మీద నీ ఫోటో లేదేంది, ఇది నీదేనని వాళ్ళెట్టా నమ్ముతారు అని అడిగింది మా యమ్మ. నేను బడి నుంచి కోపంగా వచ్చిన ప్రతిరోజూ ఆమె చెప్పే మాట ఒకటే: "మింగు అబ్బయ్యా. సంగటి ముద్ద మింగినట్టు మింగు. నమలబాకు."

చానాకాలం దాన్ని పిరికితనం అనుకున్నాను. కాలేజీకి వచ్చి కారంచేడు గురించి చదివినాకగానీ తెలిసిరాలేదు. తాగే నీళ్ళ చెరువును మురికి చెయ్యొద్దని అడ్డం చెప్పిన దగ్గర ఆ గొడవ మొదలైంది. 1985 జులై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్ళు పారిపోయి చీరాలలో తలదాచుకున్నారు. అప్పటికి నేను పుట్టలేదు. మా యమ్మకి కొత్తగా పెళ్ళయింది. మావాళ్ళ కోపానికి ఈ జిల్లాలో వెల ఎంతో ఆమెకి తెలుసు. కొడుకు బతికుండాలనుకున్న తల్లి ఇంకేం చెప్తది?

కానీ మింగింది ఎక్కడికి పోతది? నాది కడుపులో మంటగా, రాత్రిళ్ళు పళ్ళు కొరకడంగా, ఆఖరికి ఒక పన్నెండేళ్ళ పిల్లోడి చెంప మీద అయిదు వేళ్ళుగా బయటపడింది. నా కోపం ఆరో తరగతి అయ్యవారి మీద. దెబ్బ తిన్నదేమో మా పల్లెలాంటి పల్లె నుంచి వచ్చిన పిల్లోడు.

కొన్నాళ్ళకి మండల కేంద్రంలో పిల్లల భావోద్వేగాల మీద మాకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. చెప్పిన మేడమ్ మంచి మనిషి. ఆమె చెప్పినవాటిలో నిజం ఉంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కోపం ముందు ఒంట్లో పుడుతుంది. గుండె దడదడలాడుతుంది, పిడికిలి బిగుస్తుంది, ఊపిరి పైపైన ఆడుతుంది. తొందరపాటును ఆపే మెదడు భాగం ఇరవై అయిదేళ్ళ వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఏడో తరగతి పిల్లోడు పెద్దోడిలా ఆగాలనుకోవడం మన తెలివితక్కువ. ఆ మంటలో ఉన్నవాడికి నీతులు చెప్తే ఎక్కవు. ముందు ఒళ్ళు చల్లబడాలి. ఊపిరి నిదానంగా తియ్యాలి, పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా ఉండాలి. ఆ తర్వాత లోపలున్నదానికి పేరు పెట్టించాలి: కోపమా, సిగ్గా, భయమా, అవమానమా. "ఎందుకు చేశావురా" అని గద్దించకుండా "ఏం జరిగిందిరా" అని అడగాలి. కోపం రావడం తప్పు కాదు, కంపాసు పెట్టె విసరడం తప్పు, ఈ రెంటినీ విడదీసి చెప్పాలి. ఇవన్నీ 1999లో నాకెవరైనా చేసి ఉంటే? ఆ హాల్లో కూర్చుని నోట్సు రాసుకుంటా అదే ఆలోచించాను. నేనెరిగిన కౌన్సెలింగు చింతబరికె ఒక్కటే.

మా బడిలో కౌన్సెలర్ లేడు. కరోనా ఏడు, 2020లో, కేంద్ర ప్రభుత్వం మనోదర్పణ్ అని పిల్లల మనసు గోడు వినే ఫోను నంబరు పెట్టింది. మంచిదే. మా పల్లె పిల్లోడు ఎవరి ఫోను అడుక్కుని, ఎవరు వినకుండా, తన గోడు చెప్పుకోవాలో నాకు తెలియదు. అందుకని నేనే పూనుకున్నాను.

వేపచెట్టు కింద కూర్చోబెట్టి, కొట్టినందుకు తప్పయిందిరా అన్నాను. "ఏం కాదులే సార్" అన్నాడు, నన్ను ఓదార్చినట్టు. రోజూ అన్నాలయినాక పది నిమిషాలు. ఊపిరి నేర్పాను. కోపమొస్తే పది దాకా లెక్కపెట్టమన్నాను. తెలివైనోడు, వారంలో పట్టేశాడు. నెలరోజులు తరగతిలో గొడవ లేదు. "మీ వల్లే లైన్లో పడ్డాడండీ" అని స్టాఫ్ రూములో మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను. మనకి మెచ్చుకోళ్ళు అలవాటు లేవు కదా, కాస్త దొరికితే తలకెక్కుద్ది.

ఒకరోజు వాడు వేపకాయలు ఏరుకుంటా, నా మొహం చూడకుండా అన్నాడు: "సార్, నేను పది లెక్కపెడతన్నా. వాడు పదకొండోసారి గూడా అంటన్నాడు."

ఏమంటన్నాడురా అని అప్పుడు అడిగాను. నెల తర్వాత! "ఏం జరిగిందిరా" అని అడగాలని నోట్సులో గీత గీసుకున్నవాణ్ణి, అది అడక్కుండానే ఊపిరి పాఠం చెప్పాను. సంగతేమంటే, మధ్యాహ్నం అన్నం వరసలో వీడు సాంబారు గంటె ముట్టుకున్నాడని ఆ పక్కవాడు మా కులం పేరుకి చివర ఒక తోక తగిలించి పిలిచాడు. అప్పట్నించి రోజూ పిలుస్తానే ఉన్నాడు. కంపాసు పెట్టె ఎగిరింది మొదటిరోజు కాదు. బడి వంటకి మనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకి ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. మా బడి గంటెకి ఆ కబురింకా అందలేదు.

1901లో, తొమ్మిదేళ్ళ వయసులో, తండ్రి దగ్గరికి బండిలో పోతా అంబేడ్కర్ రాత్రంతా దాహంతో గడిపాడు. దగ్గర తిండి ఉంది, నీళ్ళిచ్చేవాళ్ళే లేరు. ఆ రాత్రి తన మనసు మీద చెరగని ముద్ర వేసిందని ఆయనే రాసుకున్నాడు. ఆ బండిలో ఆ పిల్లోడి పక్కన నేనుంటే ఏం చెప్తాను? కళ్ళు మూసుకో, నిదానంగా ఊపిరి వదులు, నీ దాహానికి ఒక పేరు పెట్టు అంటానా? నేను నెలరోజులు చేసింది అదే పని.

ఈ సంగతి ఒక మిత్రుడికి చెప్పాను. ఉద్యమంలో నలిగినవాడు, నాకు అన్నలాంటివాడు. "వాడి కోపాన్ని ఆర్పబాక తమ్ముడూ, మనకున్న ఆస్తి అదొక్కటే" అన్నాడు. వినడానికి బాగుంది. సభల్లో నేనూ చప్పట్లు కొట్టిన మాటే, మీలో చానామంది కొట్టే ఉంటారు. కానీ ఆయన చూడనిది నేను చూశాను. బళ్ళో నెలరోజులు బుద్ధిగా ఉన్న పిల్లోడు సాయంత్రం ఇంటికి పోయి చెల్లెల్ని జుట్టు పట్టి కొట్టాడు. రెండో తరగతి పిల్ల. చేసిన నేరం నీళ్ళ బిందె ఆలస్యంగా తేవడం. బళ్ళో లెక్కపెట్టిన పదులన్నీ ఆ పిల్ల వీపు మీద దించాడు. మన ఆస్తి అట్టా ఖర్చవుతుందన్నా, అన్నాను. మన మగోళ్ళు ఇళ్ళల్లో చానామంది అట్టాగే ఖర్చుపెట్టారు. మా నాయన గూడా. మా యమ్మ మింగింది ఊరి అవమానం ఒక్కటే కాదు. ఆ మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. పన్నెండేళ్ళోణ్ణి మనం కాగడా చేసుకోవద్దన్నా, వెలుగు పట్టుకున్నోడికి, కాలేది కాగడా, అని కూడా అన్నాను. అది కొంచెం ఉపన్యాసంలాగా వచ్చింది.

ఆర్పాలా, రగిలించాలా? ఈ రెండూ పెద్దోళ్ళ లెక్కలు. బడికి గొడవ లేకుండా పోవాలి, ఉద్యమానికి మనిషి కావాలి. ఆ పిల్లోడికి ఏం కావాలో ఎవరడిగారు? వాడి కోపం వెతుక్కునే చిరునామా చెల్లెలి వీపు కాదని వాడికి చూపించాలి. ఆ చిరునామాకి పోయి తలుపు కొట్టే పని మాత్రం వాడిది కాదు, నాది. నేను ఆ పని ఎగ్గొట్టి వాడికి లెక్కలు నేర్పాను.

మర్నాడు వాడే అడిగాడు. "ఆ మాట తిట్టా సార్?" కాదురా, మన కులం పేరు అనబోయి ఆగాను. "మీరేంది సార్?" అన్నాడు. అద్దె ఇంటి ఓనరమ్మ "మీరేమిట్లు బాబూ" అంటే "క్రిస్టియన్స్ అండీ" అని తప్పించుకున్నవాణ్ణి నేను. 1994లో మా జిల్లాలోనే, ఈదుమూడిలో, దండోరా పుట్టింది. పేరు చివర మాదిగ అని తలెత్తుకుని రాసుకోవడం మావాళ్ళకి నేర్పింది. పెద్దయినాక మీటింగుల్లో ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. మీటింగులో అనడం తేలిక. "నేనూ మాదిగోణ్ణేరా" అన్నాను. బడి ఆవరణలో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. వాడు నా వంక చానాసేపు చూసి ఏడ్చాడు. చెంపదెబ్బకి ఏడవనోడు. నేను లెక్కపెట్టమనలేదు.

శిక్షణలో ఇచ్చిన కాయితంలో కష్టమైన ప్రవర్తనల పట్టిక ఒకటుంది. కొట్టడం, అబద్ధాలు, దొంగతనం, బడి ఎగ్గొట్టడం, ఎదురు మాట్లాడటం. సాటి పిల్లోణ్ణి హీనంగా చూడటం అనే గడి అందులో లేదు. ఆ పక్కవాడు అన్ని గళ్ళల్లోనూ బుద్ధిమంతుడే. హోంవర్కు చేస్తాడు, చేతులు కట్టుకుని నమస్తే పెడతాడు. వాణ్ణీ చెట్టు కింద కూర్చోబెట్టాను. ఆ మాట ఎక్కడ నేర్చావురా అంటే "మా తాత అంటాడు సార్" అన్నాడు, అందులో తప్పేముందో తెలియక. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, నాకు తెలుసు. పన్నెండేళ్ళోడి మీద కేసు పెట్టమని నేనన్ను. వాడికీ నేర్పాలి. కానీ వాడికి నేర్పేవాళ్ళు ఇంటినిండా ఉన్నారు, నేను రోజుకి పది నిమిషాలవాణ్ణి.

తర్వాత వారం నుంచి గంటె పట్టి వడ్డించే వంతు తరగతిలో అందరికీ పెట్టాను, హాజరు పట్టీలో పేర్ల వరసన. మూడోరోజు ఇద్దరు తండ్రులు వచ్చారు. ఒకాయన హెడ్మాస్టరు గారి ముందు కూర్చుని "ఈ సారు ఏమిట్లంట?" అని అడిగాడు, నేను పక్కనే నిలబడి ఉండగా. చెప్పాను. వాళ్ళు పోయినాక హెడ్మాస్టరు గారు "మనకెందుకు సార్ ఈ గొడవ, పిల్లల్లో పిల్లలు సర్దుకుంటారు" అన్నారు. ఇన్నేళ్ళూ సర్దుకుంది ఒక వైపు పిల్లలే. ఆ మాట ఆయనతో అన్నాను. ఇంటి ఓనరమ్మకి ఇంకా చెప్పలేదు.

పిల్లోడు మారిపోయాడని రాయలేను. మధ్యలో ఒకసారి కిటికీ రెక్క విరగ్గొట్టాడు. ఊపిరి పాఠం మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి వాడే అడిగాడు, చెల్లెల్ని కొట్టకుండా ఉండటానికి. కోపమొచ్చినప్పుడు, క్లాసు మధ్యలోనైనా సరే, నా దగ్గరికి రావచ్చని ఒప్పందం. మొన్న వచ్చాడు. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తన్నా. గుమ్మంలో నిలబడి పొడుగ్గా ఊపిరి వదులుతున్నాడు, పిడికిళ్ళు మాత్రం బిగుసుకునే ఉన్నాయి.

"పది అయిపోయింది సార్. కోపం పోలా. ఎవర్నీ కొట్టలా."

"మళ్ళీ అన్నాడా?"

"అన్నాడు."

సుద్దముక్క బల్ల మీద పెట్టి, లీడర్ని క్లాసు చూసుకోమని చెప్పి, వాణ్ణి వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గారి గదికి నడిచాను.