స్థిరత్వం యెవరికి? ప్రయోగం యెవరిమీద?

స్థిరత్వమూ అభివృద్ధీ ఒక ఒరలో యిమడని రెండు కత్తులని చాలామంది అభిప్రాయం. కోయిలకుంట్లలో తెలుగు సాహిత్యం బోధించే నాకు, సాహిత్య చర్చలకంటే సాఫ్ట్‌వేర్ తయారీలోనే యీ వివాదం స్పష్టంగా కనిపించింది.

యెవరైనా చదివి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేరును ఓపెన్ సోర్స్ అంటారు. 1993లో ఆరంభమైన డెబియన్ అటువంటిది. దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు దానిని మూడు శాఖలుగా నడుపుతున్నారు. కొత్తది మొదట అస్థిర శాఖలో చేరుతుంది. కొన్ని రోజులపాటు తీవ్రమైన దోషం బయటపడకపోతే పరీక్షా శాఖకు వెళుతుంది. ఆ శాఖలో ఒక దశలో మార్పులు నిలిపి, లోపాలు సవరించి, స్థిర శాఖగా విడుదల చేస్తారు. మా నల్లరేగడి రైతూ కొత్త శనగ విత్తనాన్ని ముందు ఒక చెక్కలోనే వేసి చూస్తాడు. దానిని పిరికితనమనగలమా? విత్తనం మోసం చేస్తే అప్పు మిగిలేది అతనికే.

అయితే జాగ్రత్తకూ మూల్యం వుంది. 2002 జులైలో డెబియన్ స్థిర విడుదల వచ్చాక, తరువాతిది 2005 జూన్ దాకా రాలేదు. స్థిర శాఖను నమ్ముకున్నవారు దాదాపు మూడేళ్లు వేచివున్నారు.

మన భాషకే తగిలిన ఉదాహరణ మరొకటి వుంది. అది ఓపెన్ సోర్స్ కాదుగాని, ప్రశ్న ఒక్కటే. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అక్షరం కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి సందేశంలో వస్తే, ఆపిల్ ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రానికి మింగుడు పడలేదు! పరీక్షలో వున్న 11.3 కూర్పులో ఆ దోషం అప్పటికే లేదు. జనం చేతిలోని 11.2.5లో వుంది. ఫిబ్రవరి 19న 11.2.6 ద్వారా సవరణ అందింది.

అసలు నైతిక ప్రశ్న యిక్కడ వుంది. కొత్త హంగులు ఆగవచ్చు, దిద్దుబాటు ఆగరాదు. ప్రయోగంలోని నష్టాన్ని తెలిసి ఒప్పుకున్నవారే భరించాలి. ప్రయోగం నేర్పిన సవరణ మాత్రం అందరికీ చేరాలి. డెబియన్ స్థిర శాఖలో సాధారణంగా కొత్త కూర్పులు చేర్చరు. భద్రతా సవరణలను మాత్రం పాత కూర్పుకు తగినట్లు మలిచి అందిస్తారు. ఆ శ్రమకు చప్పట్లు వుండవు. దానిని గౌరవించని చోట స్థిరత్వం వెనుకబాటుగా, అభివృద్ధి కొందరి విలాసంగా మిగిలిపోతాయి.