బస వేరు, ఇల్లు వేరు
వాక్యభాగం: హెబ్రీ 11:13–16



ఆక్స్‌ఫర్డ్‌కు కొద్ది దూరంలో, ఐల్స్‌బరీ పక్కన హార్ట్‌వెల్ హౌస్ అనే భవనం ఉంది. ఫ్రాన్స్ విడిచి పారిపోయి వచ్చిన రాజు 18వ లూయీ 1809 నుండి 1814 వరకు అక్కడే తలదాచుకున్నాడు. పెద్ద భవనమే, విశాలమైన తోటే. అయినా అది బసే. పిలుపు రాగానే అక్కడి లైబ్రరీలోనే సంతకం చేసి సింహాసనానికి బయల్దేరాడు. రాణి మాత్రం ఆ రోజు చూడకుండానే 1810లో అక్కడే కన్నుమూసింది.

మనమూ పరదేశులమే. ఇక్కడ కొనుక్కున్న ఇల్లు, చేతికొచ్చిన పాస్‌పోర్టు దేవుడిచ్చిన దీవెనలే. కృతజ్ఞతతో అనుభవిద్దాం. కానీ హోటల్ గది ఎంత బాగున్నా దాని గోడలకు మనం రంగులు వేయించం కదా! మరి ప్రార్థనకూ సహవాసానికీ చెందిన సమయమంతా బసను అలంకరించడానికే పోతోందా?

అబ్రాహాము గుడారాల్లోనే బ్రతికాడు. వాగ్దానఫలం చేతికి రాకముందే, దూరం నుండి దాన్ని చూసి, విశ్వాసంతో మృతిపొందాడు. అయినా నష్టపోలేదు, దేవుడు అతని కోసం పట్టణాన్ని సిద్ధపరచాడు. లూయీకి దక్కిన సింహాసనం 1815లోనే కొన్నాళ్లు చేజారింది. మనం పొందబోయే రాజ్యం కదలనిది (హెబ్రీ 12:28).

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఈ వాక్యభాగాన్ని పిల్లలతో కలిసి చదవండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.