తలుపు తట్టని చూపు

మా బంధువుల ఇంట్లో అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి చదువుకున్నది, దీన్ తెలిసిన కుటుంబం అని మధ్యవర్తి చెప్పాడు. ఆయన చిరునామా చెబుతుండగానే అబ్బాయి బాబాయి జేబులోంచి ఫోన్ తీశాడు. మ్యాపులో ఆ వీధి పేరు వెతికి, వీధి చిత్రం తెరిచి, వేలితో నెట్టుకుంటూ ఇంటి ముందు దాకా వెళ్ళాడు. తుప్పు పట్టిన గేటు, పక్కన రేకుల షెడ్డు, పిట్టగోడ మీద ఆరేసిన బట్టలు, మేడ మీద కట్టిన నీలం టార్పాలిన్. ఫోన్ చేతులు మారింది. ఆడవాళ్ళూ చూశారు. మేమూ కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాం. "ఇల్లు చూస్తే ఇలా ఉంది" అన్నారెవరో. ఆ తర్వాత అమ్మాయి చదువు గురించి గానీ, దీన్ గురించి గానీ ఒక్క మాట కూడా సాగలేదు.

ఇషా నమాజు చదివి వచ్చాక కూడా ఆ గేటు మా కళ్ళ ముందు నుంచి పోలేదు. మేము చేసింది తప్పా? వీధిలో నడిచిపోయే ప్రతివాడికీ కనిపించే గేటే కదా! ఎవరి తాళమూ పగలగొట్టలేదు, ఎవరి గోడా దూకలేదు. అయినా మనసుకు ఎందుకు నచ్చలేదు?

ఈ వీధి చిత్రాలు ఎలా వచ్చాయో ముందు తెలుసుకుందాం. కారు పైకప్పు మీద కెమెరాలు అమర్చి, వీధి వీధినా తిప్పుతూ నలువైపులా ఫోటోలు తీసి, వాటిని మ్యాపుకు జతచేసే ఏర్పాటును గూగుల్ సంస్థ 2007 మే నెలలో అమెరికాలోని అయిదు నగరాలతో ప్రారంభించింది. మనుషుల ముఖాలను మసకబరచడం 2008లో గానీ మొదలుకాలేదు. ముందు చూపడం, తర్వాత దాచడం అన్నమాట! మన దేశంలో 2011లో బెంగళూరులో కార్లు తిరగడం మొదలుపెడితే పోలీసులు ఆపించారు. 2016లో కేంద్ర ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. చివరికి 2022 జూలైలో దేశీయ సంస్థల భాగస్వామ్యంతో పది నగరాలలో ఈ సదుపాయం వచ్చింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. 2016లో ప్రభుత్వం చూపిన కారణం దేశ భద్రత. అది సరైన చింతే. మరి పిట్టగోడ మీద ఆరేసిన బట్టల సంగతి ఎవరు ఆలోచించాలి?

కొన్ని దేశాలలో ఇంటివాళ్ళే ఆలోచించారు. జర్మనీలో 2010లో ఇరవై నగరాల చిత్రాలు బయటపెట్టబోయే ముందే 2 లక్షల 44 వేలకు పైగా కుటుంబాలవారు తమ ఇళ్ళను మసకబరచమని కోరారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక దంపతులు తమ సొంత దారిలోకి కారు వచ్చి ఫోటోలు తీసిందని కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యం 2010లో ముగిసినప్పుడు వారికి దక్కిన పరిహారం అక్షరాలా ఒక్క డాలరు. డబ్బుతో కొలిస్తే నష్టం అంతేనేమో. ఎవరి వస్తువూ పోలేదు మరి. అయితే షరీఅత్ ఈ విషయాన్ని పోయిన వస్తువుతో కొలవలేదు, చూపుతో కొలిచింది.

అన్-నూర్ సూరాలో అల్లాహ్ విశ్వాసులకు ఇచ్చిన ఆదేశం మనకందరికీ తెలుసు. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకుని, ఇంటివారికి సలాం చెప్పి గానీ ప్రవేశించకూడదు. వెనక్కి వెళ్ళమంటే వెళ్ళిపోవాలి. ఈ అనుమతి దేనికోసం? కాలు పెట్టడం కోసమని మనం అనుకుంటాం. కానీ ఒక సందర్భాన్ని గమనించండి. ఒక వ్యక్తి మహాప్రవక్త (సఅసం) ఇంటి తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. ఆ సమయంలో ఆయన (సఅసం) చేతిలో తల దువ్వుకునే ఇనుప సాధనం ఉంది. నువ్వు చూస్తున్నావని తెలిసి ఉంటే దీన్ని నీ కంట్లో గుచ్చేవాడినని ఆయన హెచ్చరించారు. అనుమతి అడగాలన్న నియమం పెట్టబడిందే చూపు కారణంగా అని బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది. ఆ వ్యక్తి కాలు లోపల పెట్టలేదు. అతను నిలబడ్డది బయటే. సందు కూడా అతను చేసింది కాదు, ముందే ఉన్నదే. కనిపిస్తున్నది కాబట్టి చూడవచ్చు అన్న వాదన అక్కడ చెల్లలేదు.

ఎవరి ఇంటికైనా వెళ్ళినప్పుడు మహాప్రవక్త (సఅసం) తలుపుకు ఎదురుగా నిలబడేవారు కాదనీ, కుడి పక్కనో ఎడమ పక్కనో నిలబడి సలాం చెప్పేవారనీ అబూదావూద్‌లో ఉంది. ఆ రోజుల్లో తలుపులకు తెరలు ఉండేవి కావట. తెర లేకపోవడం ఇంటివారి పేదరికం. ఆ లోటును వచ్చినవారు తాము పక్కకు జరిగి పూడ్చాలి. ఈ మాట దగ్గర మాకు ఆ నీలం టార్పాలిన్ గుర్తుకు వచ్చింది.

సరే, గేటు బయటి భాగం ఇల్లు కాదు, వీధి అందరిదీ అని ఎవరైనా అంటే ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే ఎంత ఎత్తు నుంచి చూస్తున్నాం అన్నది కూడా ప్రశ్నే. జపాన్‌లో ఈ కార్ల కెమెరాలు మనిషి కంటికన్నా ఎత్తులో ఉండి, ప్రహరీ గోడల మీదుగా ఇళ్ళ లోపలి భాగాలను చూపిస్తున్నాయని ప్రజలు ఫిర్యాదు చేశారు. 2009లో గూగుల్ తన కెమెరాలను 40 సెంటీమీటర్లు కిందికి దించి, ఆ దేశపు ఫోటోలన్నీ మళ్ళీ తీస్తామని ప్రకటించవలసి వచ్చింది.

ఈ వార్త చదివినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. ఎందుకంటే ఇదే కొలత పధ్నాలుగు వందల ఏళ్ళ నాడే ఒకసారి జరిగింది. ఈజిప్టులోని ఫుస్తాత్ నగరంలో హజ్రత్ ఖారిజా బిన్ హుజాఫా (రజి) తన ఇంటి మీద మేడగది కట్టుకున్నారు. ఆ కబురు మదీనా చేరింది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అక్కడి గవర్నరు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు జాబు రాశారు. ఆ గదిలో ఒక మంచం వేయించు, మరీ పొడుగూ మరీ పొట్టీ కాని మనిషిని దాని మీద నిలబెట్టు, కిటికీలోంచి పొరుగిళ్ళు కనిపిస్తే ఆ గదిని పడగొట్టించు అన్నది అందులోని సారాంశం. అమ్ర్ (రజి) అలాగే చేయించారు. ఆ మనిషి కళ్ళకు కిటికీ అందలేదు. గదిని ఉండనిచ్చారు. ఇబ్నె అబ్దుల్ హకమ్ తన ఈజిప్టు చరిత్రలో ఈ సంగతి రాశారు. కట్టుకున్నవారు సహాబీ, ఆయన ఉద్దేశం మంచిదే. అయినా మంచం వేసి కొలిచారు!

ఉద్దేశం మంచిదైతే చాలదా అని అడిగేవారికి మరో సంగతి. కైరవాన్ ఖాజీ ఇమామ్ సహ్నూన్ (రహ్మ) ముందుకు ఒక మీనారు తగాదా వచ్చింది. అజాన్ ఇవ్వడానికి పైకి ఎక్కే ముఅజ్జిన్‌కు చుట్టూ ఇళ్ళ లోపలి భాగాలు కనిపిస్తున్నాయి. అతన్ని ఎక్కనివ్వరాదని ఆయన తీర్పు. అజాన్ కన్నా మంచి పని ఏముంటుంది?

వీధిలో నడిచేవాడికీ ఫోన్‌లో చూసేవాడికీ అసలు తేడా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. నడిచేవాడు తాను కూడా కనిపిస్తాడు. గేటు ముందు రెండు నిమిషాలు నిలబడితే లోపలి నుంచి "ఎవరు కావాలి?" అని అడుగుతారు. ఆడవాళ్ళు పక్కకు తప్పుకుంటారు, ఎవరో ఒకరు వచ్చి తలుపు ఓరగా వేస్తారు. ఫోన్‌లో చూసేవాడిని ఎవరూ అడగలేరు. ఎంతసేపు చూశాడో, ఎంతమందికి చూపించాడో ఆ ఇంటివారికి ఎన్నటికీ తెలియదు. పైగా నడిచేవాడు చూసేది ఈ రోజు గేటును. ఫోన్ చూపేది ఎప్పుడో కారు అటుగా వెళ్ళిన రోజు గేటును. ఆ మర్నాడే రంగు వేసినా ఫోటోలో తుప్పు అలాగే ఉంటుంది. ముఖం మసకబరిచారు కదా అంటారు. మాకు చిరునామా ముందే తెలుసు, ముఖంతో పనేముంది?

మ్యాపుతో ఆడే ఒక ఆట ఉంది, జియోకాషింగ్ అంటారు. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఉపగ్రహ సంకేతాలలో కావాలని ఉంచిన లోపాన్ని తొలగించగానే, ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన ఒక బకెట్టులో వస్తువులు పెట్టి అడవిలో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. వెతికి పట్టుకోవడమే ఆట. ఇప్పుడది ప్రపంచమంతా ఆడుతున్నారు. ఆ ఆటకూ నియమాలున్నాయి. డబ్బా దాచాలంటే ఆ స్థలం యజమాని అనుమతి కావాలి. దొరికినవాడు డబ్బాలో ఉన్న చీటీ మీద తన పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టాలి. సరదా కోసం ఆడే ఆటలో కూడా వచ్చినవాడు పేరు చెప్పాలి! హజ్రత్ జాబిర్ (రజి) మహాప్రవక్త (సఅసం) ఇంటి తలుపు తట్టినప్పుడు ఎవరని అడిగితే నేను అన్నారు. ఆ "నేను" అనే మాట మహాప్రవక్త (సఅసం)కు నచ్చలేదు. పేరు చెప్పని రాక అసంపూర్ణమైన రాక. మేము ఆ గేటు దాకా వెళ్ళి వచ్చాం, ఏ చీటీ మీదా పేరు లేదు.

సంబంధాల విషయంలో విచారణ చేసుకోవద్దా అని బాబాయి మాతో వాదించాడు. చేసుకోవాలి. నికాహ్‌కు ముందు అమ్మాయిని చూడమని హజ్రత్ ముగీరా (రజి)కు మహాప్రవక్త (సఅసం) స్వయంగా చెప్పారు. ఇద్దరి నుంచి సంబంధాలు వచ్చాయని హజ్రత్ ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) సలహా అడిగితే, ఒకరికి ఆస్తి లేదనీ, మరొకరు చేతికర్ర దించని మనిషనీ ఉన్నది ఉన్నట్లు చెప్పారు. కాబట్టి ఆర్థిక పరిస్థితి తెలుసుకోవడం తప్పని మేము అనము. కానీ ఆ సమాచారం ఎలా వచ్చింది? అడిగినామె ఉంది, చెప్పినవారు ఉన్నారు. చెప్పినవారు తమ మాటకు బాధ్యులు. టార్పాలిన్ ఎందుకు కట్టారో పొరుగువాడిని అడిగితే చెబుతాడు. మేడ మీద గది వేస్తున్నారేమో, పెద్ద కూతురి పెళ్ళికి అప్పు చేశారేమో. ఫోటో ఏమీ చెప్పదు. మిగిలింది మనమే పూరించుకుంటాం. అల్-హుజురాత్ సూరాలో దురనుమానాన్నీ, కూపీలు లాగడాన్నీ, చాటున నిందించడాన్నీ ఒకే ఆయతులో వరుసగా వారించడం ఊరికే కాదు. ఆ సాయంత్రం ఒక్క ఫోన్‌తో మూడూ పావుగంటలో అయిపోయాయి.

అలాగని మ్యాపును హరామ్ అనే సాహసం మేము చేయము. అల్లాహ్ నిషేధించనిదాన్ని నిషేధించే అధికారం ఎవరికీ లేదు. దమ్మామ్‌లో పనిచేసే కొడుకు సెలవు దొరకని ఏడాది తన వీధి చివరి మస్జిద్‌ను ఫోన్‌లో చూసుకుని కన్నీళ్ళు పెట్టుకుంటే ఎవరు కాదంటారు? కొత్త ఊళ్ళో ఆసుపత్రి దారి, మస్జిద్ దారి వెతుక్కోవడానికి ఇది మేలైన సాధనమే. తమ ఇల్లు కనిపించడం ఇష్టం లేనివారు ఆ చిత్రం దగ్గరే ఉన్న ఫిర్యాదు సదుపాయం ద్వారా మసకబరచమని కోరవచ్చు. ఒకసారి మసకబరిస్తే అది శాశ్వతం. అయితే ఇంటికి తెర వేసుకున్నవాడిని లోకం ఎలా చూస్తుందో అది వేరే సంగతి. జర్మనీలోని ఎసెన్ నగరంలో అలా మసకబరిపించుకున్న కొన్ని ఇళ్ళ మీద 2010లో ఆకతాయిలు కోడిగుడ్లు విసిరి, గూగుల్‌ను మెచ్చుకుంటూ చీటీలు అంటించి పోయారు.

మొన్న జుమా నమాజు తర్వాత మస్జిద్ మెట్ల దగ్గర ఆ అమ్మాయి తండ్రి మమ్మల్ని గుర్తుపట్టి సలాం చెప్పారు. మధ్యవర్తి ద్వారా మా సంగతి విన్నారట. చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి అడిగారు. "మీవాళ్ళు ఇల్లు చూడటానికి ఎప్పుడొస్తారు భాయ్‌సాబ్? రెండు రోజులు ముందు చెబితే చాలు, సున్నాలు వేయిస్తాను."

కనుక్కుని చెబుతామన్నాం.