నీటినడుమ దప్పి

మా పెరటి కుండలోని కలబంద వాడుట చూచి, దప్పిగొన్నదని తలచి దినదినమును నీరు పోసితిమి. అది మరింత వాడెను. మేము మరింత పోసితిమి. తుదకు పెరికి చూడగా వేళ్లు నల్లబడి, మెత్తనై, కంపు గొట్టుచుండెను. ఆకులలోనే నీరు దాచుకొను మొక్క అది. తడియారని మట్టిలో గాలి కరవై వేళ్లు కుళ్లినవి. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చజాలవు గనుక నీటినడుమనే దప్పిగొన్నది. మేము చూపినది దయయా, మా మనస్సును ఊరడించుకొనుటయా? బడిలో వెనుకబడిన బాలునికి పాఠముమీద పాఠము చెప్పునపుడును మేమీ ప్రశ్న వేసికొని యెరుగము.

చెడిన వేళ్లను కోసి, నాలుగైదు దినములు నీడలో నారబెట్టి, కోత యెండి గట్టిపడిన పిదప ఇసుక కలిపిన మట్టిలో నాటితిమి. కోయుట కష్టము కాలేదు. వారము దినములు నీరు పోయకుండుటయే కష్టమైనది. చెంబు పట్టక యూరకున్న మమ్ము ఇంటివారు నిర్దయులనిరి.